బహిరంగ సాఫ్ట్‌వేర్: రక్షణ, పోషణ

సెల్‌ఫోను తెరమీద "స్త్రీ" అనే అక్షరాన్ని చూచేవారికి అది ఒకే అక్షరం. ఫోను జ్ఞాపకంలో మాత్రం అది ఆరు సంకేతాల వరుస: సకారం, దానికొక పొల్లు, తకారం, దానికొక పొల్లు, రకారం, చివరకు గుడిదీర్ఘం. ఈ వరుసను చదివి, తవత్తు ఎక్కడ నిలవాలో, క్రారవడి ఎటు చుట్టుకోవాలో, గుడిదీర్ఘం ఎంత పైకి పోవాలో నిర్ణయించి, అచ్చుకూటంలో కంపోజిటరు పేర్చినట్లు పేర్చే పనిముట్టు ఒకటి ఉన్నది. దాని పేరు హార్ఫ్‌బజ్. ఆ పేరు పారసీక భాషనుంచి వచ్చినది. "హర్ఫ్" అంటే అక్షరం, "బాజ్" అంటే తెరచినది. ఆండ్రాయిడ్ ఫోనులలోను, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలోను, లిబ్రె ఆఫీస్‌లోను తెలుగు అక్షరాలను కూర్చేది ఇదే. దీనికి వెల లేదు. ఎవరు కావాలంటే వారు తీసికొని వాడుకోవచ్చును, లోపల ఏమున్నదో చదువుకోవచ్చును, అవసరమైతే మార్చుకోవచ్చును. రోజూ తెలుగును తెరమీద చదివే జనంలో దీని పేరు విన్నవారు మిక్కిలి అరుదు.

ఇట్టి సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అంటారు. ప్రోగ్రామును మనిషి మొదట తనకు అర్థమయ్యే ఒక కృత్రిమ భాషలో వ్రాస్తాడు. దీన్ని మూలరచన అనవచ్చును. కంపైలరు అనే మరొక ప్రోగ్రాము దానిని యంత్రానికి అర్థమయ్యే అంకెల రాశిగా మారుస్తుంది. సాధారణ వ్యాపార సాఫ్ట్‌వేర్‌లో కొనుగోలుదారునికి ఈ అంకెల రాశి మాత్రమే దక్కుతుంది. మూలరచన కంపెనీ ఇనుపపెట్టెలో ఉంటుంది. బహిరంగ సాఫ్ట్‌వేర్‌లో మూలరచనను లోకానికంతకూ ప్రకటించి, చదివేందుకు, వాడుకొనేందుకు, మార్చేందుకు, తిరిగి పంచేందుకు లిఖితపూర్వకంగా అనుమతి ఇస్తారు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రారంభించిన గ్నూ ఉద్యమం, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి వ్రాయటం మొదలుపెట్టిన లినక్స్ దీనికి పునాదులు. నేడు బ్యాంకుల కంప్యూటర్లు, రైల్వే టికెట్ల యంత్రాంగాలు, టెలివిజన్ పెట్టెలు, కార్లు అన్నిటిలోను ఏదో ఒక మూల ఈ సాఫ్ట్‌వేర్ పనిచేస్తూనే ఉన్నది.

దీని విలువ ఎంత? హార్వర్డ్ బిజినెస్ స్కూల్ తరఫున 2024లో వెలువడిన ఒక పరిశోధనా పత్రం ఈ లెక్క కట్టింది. జనం విరివిగా వాడే బహిరంగ సాఫ్ట్‌వేర్‌ను మళ్ళీ మొదటినుంచి ఒక్కసారి వ్రాయించాలంటే సుమారు 415 కోట్ల డాలర్లు చాలును. అది అసలే లేక, ఏ సంస్థకు ఆ సంస్థ విడివిడిగా వ్రాయించుకోవలసివస్తే అయ్యే ఖర్చు 8.8 లక్షల కోట్ల డాలర్లు. ఆ పత్రంలోని మరొక అంశం ఇంతకన్న ముఖ్యమైనది. ఈ విలువలో నూటికి తొంబై అయిదు వంతులకు పైగా సృష్టించినవారు, ఈ రంగంలో పనిచేసేవారిలో నూటికి అయిదుగురు మాత్రమే. అంటే భవనం చాలా పెద్దది. స్తంభాలు మాత్రం వ్రేళ్ళమీద లెక్కించదగినన్ని.

బహిరంగ సాఫ్ట్‌వేర్ సురక్షితమైనదని చాలాకాలంగా ఒక నమ్మకం ఉన్నది. చూచే కళ్ళు చాలినన్ని ఉంటే ఏ దోషమూ ఎంతోకాలం దాగి ఉండజాలదని అమెరికన్ రచయిత ఎరిక్ రేమండ్ 1990ల చివరి భాగంలో ప్రతిపాదించి, ఆ సూత్రానికి లైనస్ పేరు పెట్టాడు. సూత్రంలో "చాలినన్ని ఉంటే" అనే షరతు ఉన్నది. ప్రచారంలో ఆ షరతు జారిపోయింది. చదివేందుకు అందరికీ హక్కు ఉన్నది కనుక ఎవరో చదివే ఉంటారని ప్రతివారూ అనుకొన్నారు.

ఈ భ్రమ మొదటిసారి గట్టిగా దెబ్బతిన్నది 2014 ఏప్రిల్ 7న. బ్యాంకు పేజీని తెరచినప్పుడు వినియోగదారునికీ బ్యాంకుకూ మధ్య నడిచే సంభాషణను రహస్యలిపిలోకి మార్చే సాఫ్ట్‌వేర్‌లలో ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ ప్రసిద్ధమైనది. దీనిలో "గుండెచప్పుడు" అనే చిన్న సౌకర్యం ఒకటి అప్పట్లో ఉండేది. సంభాషణలో కొంతసేపు మౌనం వస్తే, అవతలి కంప్యూటర్ ఇంకా ఉన్నదో లేదో తెలుసుకొనేందుకు ఒకరు ఒక మాట పంపి, "ఈ మాటను తిరిగి పలుకుము, దీని పొడవు ఇంత" అని చెబుతారు. రెండవవారు పలుకుతారు. ఇంతే పని. మూడక్షరాల "మామిడి" అనే మాట పంపి, దాని పొడవు 64,000 అక్షరాలని అబద్ధం చెబితే ఏమవుతుంది? ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ కొలిచి చూడలేదు. "మామిడి"తో మొదలుపెట్టి, జ్ఞాపకంలో దాని ప్రక్కన ఏముంటే దానినంతా 64,000 అక్షరాలు పూర్తయ్యేవరకు చదివి అప్పగించింది. ఆ ప్రక్కన ఎవరివో సంకేతపదాలు ఉండవచ్చును. ఆ కంప్యూటర్ యొక్క రహస్యపు తాళపుచెవి కూడా ఉండవచ్చును. దొంగతనం జరిగిన గుర్తు ఎక్కడా మిగలదు.

ఈ దోషానికి "హార్ట్‌బ్లీడ్" అని పేరు పెట్టారు. గూగుల్‌లో పనిచేసే నీల్ మెహతా, ఫిన్లాండ్‌లోని కోడెనామికాన్ సంస్థవారు దీనిని విడివిడిగా కనుగొన్నారు. అప్పటికి ఇది రెండు సంవత్సరాలనుంచి లోకం కళ్ళముందే ఉన్నది. 2011 డిసెంబరు 31న మూలరచనలో చేరింది; 2012 మార్చిలో ప్రజలకు విడుదలైంది. వ్రాసినది ఒకరు, సరిచూచినది మరొకరు. ఇద్దరి కంటా పడలేదు. మూడవవారు చూడలేదు. దోషం బయటపడేనాటికి సుమారు 5 లక్షల వెబ్‌సైట్లు దీనికి లోబడి ఉన్నవని అంచనా. కెనడా ఆదాయపు పన్ను శాఖనుంచి సుమారు 900 మంది పౌరుల సామాజిక బీమా సంఖ్యలు అపహరింపబడినవి.

ఇంతటి రహస్యలిపిని మోసే ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌కు అప్పుడు పూర్తికాలం పనిచేసే మనిషి ఒక్కడు. విరాళాలు సాలుకు సుమారు 2,000 డాలర్లు. తక్కిన ఆదాయం అడిగినవారికి ఒప్పందపు పనులు చేసిపెట్టి సంపాదించుకొన్నది. హార్ట్‌బ్లీడ్ తరువాత గూగుల్, మైక్రోసాఫ్ట్, అమెజాన్ మొదలైన కంపెనీలు ఒక్కొక్కటి సాలుకు లక్ష డాలర్ల చొప్పున మూడేళ్ళపాటు ఇచ్చేందుకు లినక్స్ ఫౌండేషన్ ద్వారా ముందుకు వచ్చినవి. ఆ కంపెనీల రాబడితో పోల్చితే ఇది పప్పులో ఉప్పుపాటి మొత్తం. అయినా దానితో ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ స్థితి చాలా మెరుగుపడింది. చిన్న మొత్తంతో ఇంత మార్పు రావటమే, అంతకుముందు జరిగిన నిర్లక్ష్యం ఎంతటిదో తెలుపుతున్నది.

హార్ట్‌బ్లీడ్ పొరపాటు, ఎవరూ కావాలని చేసినది కాదు. పది సంవత్సరాల తరువాత జరిగిన సంఘటన అట్టిది కాదు. దానిని కొంత వివరంగా చూడటం అవసరం. ఎందుకంటే అందులో దాడికి గురైనది ప్రోగ్రాము కంటె ముందు మనిషి.

ఫైళ్ళను కుదించే పనిముట్లలో ఎక్స్‌జెడ్ ఒకటి. ఒక వాక్యం పదిచోట్ల వచ్చే పుస్తకంలో దానిని ఒకచోట పూర్తిగా వ్రాసి, తక్కిన తొమ్మిదిచోట్ల "ఇంత వెనుకకు పోయి ఇంత పొడవు చూడుము" అని గుర్తు పెడితే పుస్తకం చిన్నదవుతుంది. కుదింపు యొక్క మూలసూత్రం ఇదే. లినక్స్ కంప్యూటర్లన్నిటిలోను ఇంచుమించుగా ఎక్స్‌జెడ్ ఉంటుంది. దీనిని ఫిన్లాండ్ వాసి లాసె కాలిన్ అనేక సంవత్సరాలు ఒంటరిగా, జీతంలేకుండా, తీరిక వేళల్లో చూచుకొంటూ వచ్చాడు.

2021లో జియా టాన్ అనే పేరుగల వ్యక్తి ఒకడు ఎక్స్‌జెడ్‌కు చిన్న చిన్న సవరణలు పంపటం ప్రారంభించాడు. సవరణలు బాగానే ఉన్నవి. 2022లో మరికొన్ని కొత్త పేర్లు ప్రత్యక్షమై, పని నెమ్మదిగా సాగుతున్నదని, నిర్వాహకుడు శ్రద్ధ చూపటం లేదని, మరొకరికి అప్పగించరాదా అని బహిరంగంగా ఒత్తిడి తెచ్చినవి. తాను కొంతకాలంగా అనారోగ్యంతో ఉన్నానని, ఇది జీతంలేని సరదాపని అన్న సంగతి గుర్తుంచుకోవాలని కాలిన్ మర్యాదగానే సమాధానం వ్రాశాడు. జియా టాన్ సహాయం చేస్తున్నాడని, ముందుముందు అతని పాత్ర పెరగవచ్చునని కూడ తెలిపాడు. ఆ ఏడాది గడిచేసరికి జియా టాన్ సహనిర్వాహకుడైనాడు. ఒత్తిడి తెచ్చిన ఆ పేర్లవారు ఆ తరువాత కనిపించలేదు. వారు లోకంలో మరెక్కడైనా పనిచేసిన జాడ పరిశోధకులకు దొరకలేదు. ఎడతెగని పనితో అలసిన మనిషికి ఒకవైపు చీవాట్లు, మరొకవైపు చేయూత. రెండూ ఒకే చోటినుంచి వచ్చినవని పరిశోధకుల విశ్వాసం.

2023లో జియా టాన్ స్వయంగా కొత్త కూర్పులు విడుదల చేయసాగాడు. ఆ జూలైలో, గూగుల్ సంస్థ నడిపే స్వయంచాలిత పరీక్షలో తన ఉద్దేశానికి అడ్డురాగల ఒక అంశాన్ని ఎక్స్‌జెడ్ విషయంలో ఆపివేయవలసిందని కోరి, ఒప్పించుకొన్నాడు. 2024 ఫిబ్రవరిలో 5.6.0, మార్చిలో 5.6.1 అనే కూర్పులు వెలువడినవి. ఈ రెండింటిలోను దొడ్డిదారి ఉన్నది.

దానిని దాచిన తీరు గమనించదగినది. కుదింపు ప్రోగ్రాము సరిగా పనిచేస్తున్నదా అని చూచేందుకు, కావాలని చెడగొట్టిన నమూనా ఫైళ్ళు కొన్ని దానితోపాటు ఉంచటం రివాజు. చెడిన ఫైలును ప్రోగ్రాము తిరస్కరిస్తే పరీక్ష నెగ్గినట్లు. ఈ నమూనాలు అంకెల రాశులు. వాటిని ఎవరూ చదవరు, చదివినా అర్థం కాదు. దొడ్డిదారి అట్టి ఫైళ్ళలో దాగినది. దానిని బయటకు తీసి ప్రోగ్రాములో అతికించే చిన్న ఆజ్ఞ మాత్రం అందరూ చూచే మూలరచనా భాండాగారంలో లేదు. విడుదల కోసం కట్టిన మూటలో మాత్రమే చేర్చబడినది. కాబట్టి భాండాగారాన్ని అక్షరం అక్షరం చదివినవారికి కూడ అది కనపడేది కాదు. ఆ ఆజ్ఞ తొందరపడేది కాదు. తాను డెబియన్ పద్ధతిలోనో రెడ్‌హ్యాట్ పద్ధతిలోనో ప్యాకేజీగా తయారవుతున్నప్పుడు మాత్రమే మేల్కొంటుంది. తక్కినచోట్ల ఏమీ ఎరగనట్లు ఊరకుంటుంది.

దొడ్డిదారి గురి ఎక్స్‌జెడ్ మీద కాదు. దూరాన ఉన్న కంప్యూటర్‌లోకి నిర్వాహకులు ప్రవేశించేందుకు వాడే ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ అనే సింహద్వారం మీద. ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్‌కు ఎక్స్‌జెడ్‌తో స్వతహాగా సంబంధం లేదు. అయితే కొందరు లినక్స్ పంపిణీదారులు ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్‌ను సిస్టమ్‌డి అనే మరొక భాగంతో ముడిపెట్టారు. ఆ సిస్టమ్‌డి లైబ్రరీ ఎక్స్‌జెడ్‌ను పిలుస్తుంది. ఈ విధంగా కుదింపు పనిముట్టు ద్వారపాలకుని ప్రక్కకు చేరింది. చేరి, వచ్చినవాని తాళపుచెవిని పరీక్షించే ఘట్టంలో తన సొంత ఘట్టాన్ని ప్రవేశపెట్టింది. ఒకానొక రహస్యపు తాళపుచెవి గలవాడు వస్తే, అతడెవరని అడగకుండా అతని ఆజ్ఞలను నెరవేర్చుతుంది. ఆ తాళపుచెవి దొడ్డిదారిని పెట్టినవారి వద్ద మాత్రమే ఉన్నది కనుక మరొక దొంగ కూడ దీనిని వాడుకోలేడు.

ఆండ్రెస్ ఫ్రాయిండ్ మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగి. పోస్ట్‌గ్రెస్ అనే బహిరంగ డేటాబేస్‌ను వ్రాసేవారిలో ఒకడు. 2024 మార్చిలో అతడు ఆ డేటాబేస్ వేగాన్ని కొలుస్తున్నాడు. కొలతకు నిశ్శబ్దమైన యంత్రం కావాలి. అతని యంత్రంలో ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ ఉండవలసిన దానికంటె ఎక్కువ శ్రమ పడుతున్నట్లు తోచింది. కొలిచాడు. ప్రవేశానికి ఇదివరలో 0.299 సెకన్లు పట్టేది, ఇప్పుడు 0.807 సెకన్లు పడుతున్నది. తేడా అర సెకను. చాలామంది దీనిని పట్టించుకోరు. ఫ్రాయిండ్‌కు మాత్రం కొన్ని వారాల క్రితం మరొక పరీక్షలో వచ్చిన అర్థంకాని హెచ్చరిక ఒకటి జ్ఞాపకం వచ్చింది. త్రవ్వుకొంటూ పోయి, ఎక్స్‌జెడ్ దగ్గర తేలి, మార్చి 29న లోకానికి వెల్లడించాడు. తీవ్రతను కొలిచే మానంలో దీనికి పదికి పది వచ్చినవి.

అప్పటికి ఆ కూర్పులు డెబియన్, ఫెడోరా, ఓపెన్‌సూసె మొదలైనవాటి ప్రయోగాత్మక శాఖలలోకి మాత్రమే చేరినవి. స్థిరమైన శాఖలలోకి కూడ త్వరగా చేర్చవలసిందని పంపిణీదారులమీద ఒత్తిడి అప్పటికే మొదలైంది. ఉబుంటు వారు తమ 24.04 బీటా కూర్పును వారంరోజులు వాయిదా వేసి, ప్యాకేజీలను తిరిగి తయారుచేసుకొన్నారు. మరికొన్ని నెలలు గడిచి ఉంటే లక్షలాది సర్వర్లు ఒకే తాళపుచెవికి తెరచుకొనేవి. జియా టాన్ అనే పేరు వెనుక ఉన్నవారెవరో బహిరంగంగా నిరూపణ కాలేదు. 2024 మే 29న కాలిన్ దొడ్డిదారిని తొలగించి 5.6.2 కూర్పును విడుదల చేశాడు.

ఈ కథ విన్నవారు కొందరు, మూలరచనను అందరి చేతికీ ఇవ్వటమే తప్పు అంటారు. ఇది తొందరపాటు. 2020 డిసెంబరులో బయటపడిన సోలార్‌విండ్స్ ఉదంతంలో సాఫ్ట్‌వేర్ బహిరంగమైనది కాదు. దాడిచేసినవారు కంపెనీ లోపలికే చొరబడి, అధికారిక నవీకరణలోనే విషం కలిపారు. సుమారు 18,000 సంస్థలు దానిని దిగుమతి చేసుకొన్నవి. నెలల తరబడి ఎవరికీ తెలియలేదు. ఎక్స్‌జెడ్ విషయంలో ఆ కంపెనీతో గాని, ఆ ప్రోగ్రాముతో గాని ఏ సంబంధమూ లేని ఒక పరాయివాడు అర సెకను వెంటబడి మూలందాకా పోగలిగాడంటే, తలుపులు తెరచి ఉండటంచేతనే. చదివే హక్కు అతనికి ఉన్నది. అంతకుమించి, చదివే నేర్పూ ఓపికా ఉన్నవి. మొదటిది లైసెన్సు ఇస్తుంది. తక్కిన రెండింటిని ఎవరో పోషించాలి.

పోషణ లేని చోట ఏమవుతుందో మధ్యలో లాగ్‌ఫోర్‌జె ఉదంతం కూడ చూపింది. జావా ప్రోగ్రాములలో దినచర్య వ్రాసిపెట్టే ఈ చిన్న లైబ్రరీలో 2013లో చేరిన ఒక సౌకర్యం, దినచర్యలో వ్రాయవలసిన మాటనే ఆజ్ఞగా భావించి ఎక్కడినుంచో ప్రోగ్రాములు తెచ్చి నడిపేది. 2021 డిసెంబరులో ఇది వెల్లడికాగా ప్రపంచమంతటా కంపెనీలు మొట్టమొదట పడిన తిప్పలు దోషాన్ని సరిచేయటంలో కాదు; అసలు ఆ లైబ్రరీ తమ వద్ద ఎక్కడ ఉన్నదో వెదకటంలో. కొన్న సాఫ్ట్‌వేర్‌లో మరొక సాఫ్ట్‌వేర్, దానిలో వేరొకటి, దానిలో ఇది. ఈ దోషం పదేళ్ళో అంతకుమించో అక్కడక్కడ మిగిలి ఉండవచ్చునని అమెరికా ప్రభుత్వ పరిశీలక మండలి 2022లో అభిప్రాయపడింది.

రక్షణకు సాంకేతిక ఉపాయాలు లేకపోలేదు. మందు సీసామీద దినుసుల పట్టీ ఉన్నట్లు సాఫ్ట్‌వేర్‌కు కూడ దినుసుల పట్టీ ఉండాలని 2021లో అమెరికా అధ్యక్షుని ఉత్తర్వు నిర్దేశించింది. భారతదేశంలో సెర్ట్-ఇన్ సంస్థ 2024 అక్టోబరులో ఇందుకు మార్గదర్శక సూత్రాలు ప్రకటించింది. పట్టీ ఉంటే వెదకులాట తగ్గుతుంది. హార్ట్‌బ్లీడ్ వంటి దోషాలకు మరొక మందు ఉన్నది. జ్ఞాపకపు హద్దులను తానే కాపలా కాసే రస్ట్ వంటి భాషలలో వ్రాస్తే, ప్రక్కింటి గోడ దాటి చదవటం సాధ్యం కాదు. ఆండ్రాయిడ్‌లో కొత్త భాగాలను ఇట్టి భాషలలో వ్రాయటం మొదలుపెట్టిన తరువాత, రక్షణ దోషాలలో జ్ఞాపకానికి సంబంధించినవి 2019లో నూటికి 76 ఉండగా 2024 నాటికి 24కు దిగినవని గూగుల్ ప్రకటించింది.

మూలరచనకూ విడుదలైన మూటకూ మధ్య ఉండే చీకటికి విరుగుడు వేరు. కంపైలరులోనే దొంగను దాచవచ్చునని, అప్పుడు మూలరచనను ఎంత చదివినా లాభం లేదని కెన్ థాంప్సన్ 1984లోనే తన ట్యూరింగ్ ఉపన్యాసంలో నిరూపించి చూపాడు. దీనికి సమాధానంగా వచ్చినది పునరుత్పాదక నిర్మాణం. వేరు వేరు చోట్ల వేరు వేరు మనుషులు ఒకే మూలరచననుంచి ప్రోగ్రామును తయారుచేస్తే, అన్నిచోట్లా ఒక్క అంకె తేడా లేకుండా అదే ఫలితం రావాలి. ఎక్కడైనా తేడా వచ్చిందా, అక్కడ వెదకాలి. వినటానికి తేలిక, కాని తయారుచేసిన వేళ, ఫైళ్ళను చదివిన వరుస వంటి స్వల్ప విషయాలవల్ల కూడ అంకెలు మారుతవి. డెబియన్ స్వచ్ఛందసేవకులు 2013 ప్రాంతంనుంచి ఈ పని చేస్తూ, తమ ప్యాకేజీలలో అత్యధిక భాగాన్ని ఈ స్థితికి తెచ్చారు. అయితే మూటే విషపూరితమైతే అందరికీ ఒకే విషం ఒకే విధంగా వస్తుంది. కాబట్టి మూటనుంచి కాక నేరుగా భాండాగారంనుంచే తయారుచేయాలన్న వాదం ఎక్స్‌జెడ్ తరువాత బలపడింది.

ఈ ఉపాయాలన్నిటికీ మనుషులు కావాలి. పట్టీ వ్రాసేందుకు, పరీక్షలు నడిపేందుకు, రెండవ మనిషి చూడనిదే ఏ సవరణా చేరరాదన్న నియమాన్ని పాటించేందుకు, ముందుగా ఆ రెండవ మనిషి ఉండాలి. ఎన్నో లైబ్రరీలకు ఉన్నది ఒక్కడే. అతనిమీద కొత్త నియమాలు మోపితే, చేసే పని కూడ మాని వెళ్ళిపోవచ్చును. ఉచితంగా వాడుకొనే కంపెనీలు అతనికి ప్రశ్నావళులు పంపి, రక్షణ ఏర్పాట్లను గురించి సంజాయిషీ అడగటం నేడు సర్వసాధారణమైంది. ఇది కొంత వింతగానే ఉన్నది.

రాయలసీమలో పూర్వం చెరువు త్రవ్వించి మరమ్మతు చూచేవారికి దశబంధం ఇనాములు ఉండేవి. తూము తెరచి మూసే నీరటికి కళ్ళంలోనే ధాన్యం కొలిచేవారు. నీరు వాడుకొన్నవారు గట్టు కాచేవాని తిండిని గురించి ముందే ఆలోచించారు. ఇంచుమించు అట్టి ఏర్పాట్లు సాఫ్ట్‌వేర్‌లో ఇప్పుడిప్పుడే వస్తున్నవి. జర్మనీ ప్రభుత్వం 2022లో సావరిన్ టెక్ ఫండ్ అనే నిధిని స్థాపించి, కర్ల్, గ్నోమ్ వంటి వాటికి నేరుగా డబ్బు ఇచ్చింది. 2023లో గ్నోమ్‌కు దక్కినది 10 లక్షల యూరోలు. మన దేశంలో బెంగుళూరుకు చెందిన జెరోధా సంస్థ 2024లో ఫ్లాస్ ఫండ్ పేరిట సాలుకు 10 లక్షల డాలర్ల వరకు కేటాయించింది. యూరపు సమాజం 2024 డిసెంబరులో అమలులోకి తెచ్చిన చట్టం, సరుకును అమ్మేవాడు దానిలో వాడిన బహిరంగ భాగాలకు కూడ బాధ్యత వహించాలంటున్నది. వ్యాపారం చేయని స్వచ్ఛంద రచయితలకు మినహాయింపు ఇచ్చింది. దీని ముఖ్య నిబంధనలు 2027 డిసెంబరు 11నుంచి వర్తిస్తవి. బాధ్యతను లాభం ఉన్నచోట పెట్టటం న్యాయంగానే కనిపిస్తున్నది.

భారత ప్రభుత్వం 2015లోనే తన కార్యాలయాలలో బహిరంగ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇవ్వాలనే విధానాన్ని ప్రకటించింది. లైసెన్సులమీద ఆదా అయ్యే డబ్బులో కొంత భాగమైనా ఆ సాఫ్ట్‌వేర్‌ను వ్రాసేవారి వద్దకు పోవాలన్న ఏర్పాటు దానికి తోడైతే ఆ విధానం పూర్ణమయ్యేది.

డబ్బు ఒక్కటే చాలదు. నిర్వాహకునికి అన్నిటికంటె కరవైనది వేళ. కర్ల్ అనేది కార్లనుంచి ఫోనుల వరకు అన్నిటిలోను ఇంటర్‌నెట్‌నుంచి ఫైళ్ళను తెచ్చే పనిముట్టు. కృత్రిమ మేధచేత వ్రాయించిన పసలేని దోషారోపణలు వెల్లువలా వచ్చిపడి, తమ వేళను హరిస్తున్నవని దాని నిర్వాహకుడు డేనియల్ స్టెన్‌బర్గ్ 2025లో బహిరంగంగా మొరపెట్టుకొన్నాడు. ప్రతిదానినీ చదవక తప్పదు; పదింటిలో ఒకటి నిజం కావచ్చును.

ఆ వేళను ఆదాచేయటం విద్యార్థులకు కూడ సాధ్యమైన పని. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ చుట్టూ చేరిన యువకులు లినక్స్‌కు తెలుగు ముఖాన్ని తయారుచేశారు. తెలుగులో ఏదైనా వత్తు తప్పుగా పడుతున్నదని గమనించినవారు, "సరిగా రావటం లేదు" అని వ్రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ ఫోను, ఏ కూర్పు, ఏ ఫాంటు, ఏ అక్షరాలను ఏ వరుసలో కొట్టితే ఏమి రావలసి ఉండగా ఏమి వచ్చినదో తెరబొమ్మతో సహా వ్రాస్తే, నిర్వాహకునికి ఒక సాయంత్రం మిగులుతుంది. తెలుగు చదవలేనివాడు కూడ అప్పుడు దానిని సరిచేయగలడు. కంటబడిన దోషం రక్షణకు సంబంధించినదైతే మాత్రం బహిరంగంగా వ్రాయరాదు. మూలరచనతోపాటు "సెక్యూరిటీ" అనే పేరుతో సాధారణంగా ఒక ఫైలు ఉంటుంది. రహస్యంగా ఎవరికి తెలపాలో దానిలో ఉంటుంది. వారికి తెలిపి, మరమ్మతుకు సుమారు 90 రోజుల గడువు ఇచ్చి, ఆ తరువాత ప్రకటించటం ఈ రంగంలో ఆచారం.